నిద్రపోయిన కారును లేపే విజ్ఞానం

ఇంటి వెనుక షెడ్డులో పాతికేళ్లుగా కదలకుండా ఉన్న అంబాసిడర్‌ను చూసి చాలామంది, "వాడలేదు కాబట్టి కొత్తదిలాగే ఉండి ఉంటుంది" అనుకుంటారు. నిజానికి జరిగేది దీనికి విరుద్ధం. నడిచే కారు నెమ్మదిగా అరుగుతుంది, ఆగిపోయిన కారు లోపలి నుంచి కుళ్లుతుంది. నేల పలకల అడుగున తుప్పు పడుతుంది. సిలిండర్‌లో పిస్టన్ బిగుసుకుంటుంది. ట్యాంకులో పెట్రోలు జిగురుగా మారుతుంది. రబ్బరు గొట్టాలు పెళుసెక్కుతాయి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇవన్నీ బయటికి శబ్దం లేకుండా సాగే రసాయన చర్యలు.

పాత కార్లను బాగుచేసి, కాపాడుకుని, అప్పుడప్పుడూ రోడ్డెక్కించడం మన దేశంలో ఎందరికో ఇష్టమైన వ్యాపకం. ఢిల్లీలో 1964లో మొదలైన స్టేట్స్‌మన్ వింటేజ్ కార్ ర్యాలీ దీనికి తొలినాళ్ల వేదికల్లో ఒకటి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల నాటి 1912 రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను, అహ్మదాబాద్ శివార్లలోని ఆటో వరల్డ్ మ్యూజియంలో సంస్థానాధీశుల కార్లను, కోయంబత్తూరులోని జీడీ కార్ మ్యూజియంలో దేశదేశాల నమూనాలను సందర్శకులు చూస్తుంటారు. ఆ తళతళల వెనుక ఉన్న కృషిలో డబ్బు, ఓపిక ఎంత ముఖ్యమో లోహశాస్త్రం, రసాయనశాస్త్రం, విద్యుత్తు, యంత్రగతి శాస్త్రం కూడా అంతే ముఖ్యం.

ఏది వింటేజ్, ఏది క్లాసిక్?

వాడుకలో పాత కారు ఏదైనా వింటేజే. అంతర్జాతీయ పాతవాహనాల సమాఖ్య ఫీవా మాత్రం తయారైన కాలాన్ని బట్టి వాటిని వర్గాలుగా విడదీసింది. 1904 చివరి వరకు తయారైనవి పూర్వీకులు. 1905 నుంచి 1918 వరకు వెటరన్. 1919 నుంచి 1930 వరకు వింటేజ్. 1931 నుంచి 1945 వరకు పోస్ట్-వింటేజ్. ఆ తర్వాతివి యుద్ధానంతర కార్లు.

భారత చట్టం లెక్క వేరు. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనం వింటేజ్ వాహనం. అది వాణిజ్య వాహనం కాకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు ఉండకూడదు. అలాంటి వాహనాలకు నంబరు ప్లేటుపై 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక శ్రేణి కేటాయిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. అది 10 ఏళ్లు చెల్లుతుంది. వాటిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం పోయించుకోవడం, మరమ్మతు వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి.

తుప్పు: ఇనుములో నడిచే చిన్న బ్యాటరీ

పాత కారుకు తొలి శత్రువు తుప్పు. ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే దాని ఉపరితలంపై చిన్నచిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడతాయి. ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతాయి. అది ఆనోడ్. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా వెళ్లి, పక్కనే ఉన్న క్యాథోడ్ దగ్గర ఆక్సిజన్‌తో, నీటితో కలుస్తాయి. చివరకు ఏర్పడేది నీటిని కలుపుకున్న ఐరన్ ఆక్సైడ్. అదే ఎర్రటి తుప్పు.

అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహానికి కవచంగా ఉంటుంది. ఇనుము తుప్పుకు ఆ గుణం లేదు. అది గుల్లగా ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది. పైగా కరిగిపోయిన ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకులు కలిసిన అతుకుల్లో తుప్పు పడితే రేకులు ఉబ్బి విడిపోతాయి. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు సులువుగా ప్రవహించి చర్య వేగం పుంజుకుంటుంది. విశాఖ, కాకినాడ, చెన్నై వంటి తీర నగరాల కార్లు తొందరగా తుప్పు పట్టడానికి కారణం ఇదే.

గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటాక తుప్పు వేగం బాగా పెరుగుతుంది. వానాకాలంలో కారును ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పడం అందుకే మంచిది కాదు. నేల నుంచి లేచిన ఆవిరి పట్టా కింద చిక్కుకుని, రాత్రి చల్లబడినప్పుడు రేకు మీద నీటి బిందువులుగా మారుతుంది. గాలి ఆడే నూలు గుడ్డ, చుట్టూ కొంత ఖాళీ, పొడి నేల ఉన్న షెడ్డు దానికంటే నయం.

తుప్పు ఎక్కడ పట్టిందన్నది కూడా ముఖ్యం. 1920, 30ల నాటి కార్లలో బరువంతా నిచ్చెన ఆకారపు ఛాసిస్ మోస్తుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కూ విడి ఛాసిస్ ఉండేది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా రూపొందిన అంబాసిడర్‌లో, ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినిలో వేరే ఛాసిస్ లేదు. నేల పలకలు, తలుపుల కింద ఉండే పెట్టె ఆకారపు దూలాలు, పైకప్పు స్తంభాలు కలిసే భారం మోస్తాయి. ఇలాంటి కారులో ఆ దూలం లోపల తుప్పు పడితే అందం తగ్గడంతో ఆగదు, కారు బలమే తగ్గుతుంది. పైన పుట్టీ పూసి రంగు వేస్తే కంటికి కొత్తగా కనిపిస్తుంది కానీ, ప్రమాదం జరిగినప్పుడు లోపల ఉన్నవారిని కాపాడేది రంగు కాదు. అనుభవమున్న టింకరింగ్ పనివారు కొనేముందు అయస్కాంతం పెట్టి చూడమనేది ఇందుకే. మందంగా పుట్టీ ఉన్నచోట అయస్కాంతం పట్టదు.

తుప్పు తీయడానికి మూడు దారులు. ఇసుకతోనో గాజుపూసలతోనో కొట్టి గీకేయడం మొదటిది. పలుచని రేకులకు ఇది వేడెక్కి వంకరపోయే ప్రమాదం తెస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం, టానిక్ ఆమ్లం వంటి రసాయనాలు రెండో దారి. అవి మిగిలిన తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా, ఐరన్ టానేట్‌గా మార్చి కొంత స్థిరపరుస్తాయి. మూడోది విద్యుత్ విశ్లేషణ. చాకలి సోడా కలిపిన నీటిలో తుప్పు పట్టిన భాగాన్ని రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప ముక్కను ధన ధ్రువానికి కలిపి విద్యుత్తు పంపుతారు. మంచి లోహం తరగకుండా తుప్పు వదులుతుంది. ఇందులో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడేచోటే చేయాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. ధన ధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, దానిలోని క్రోమియం విష సమ్మేళనంగా నీటిలో కలుస్తుంది. స్ప్రింగుల వంటి గట్టి ఉక్కు భాగాలకు ఈ పద్ధతి పనికిరాదు. లోహంలోకి చొరబడిన హైడ్రోజన్ వాటిని పెళుసు చేస్తుంది.

బిగుసుకున్న ఇంజిన్‌ను బలవంతపెట్టకూడదు

ఏళ్ల తర్వాత కారు దొరికిన ఉత్సాహంలో చాలామంది చేసే పని, కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం. ఇంజిన్‌కు అత్యంత హాని చేసేది అదే. నిలిచిపోయినప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో కవాటం తెరిచే ఉంటుంది. దాని గుండా తేమ లోపలికి చేరి పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు మధ్య పలుచని తుప్పు పొర కడుతుంది. అప్పుడు స్టార్టర్ మోటారు బలంగా తిప్పితే రింగులు విరగవచ్చు, గోడ మీద గీతలు పడవచ్చు.

సరైన పద్ధతి నెమ్మదైనది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ప్రతి సిలిండర్‌లో పలుచని చొచ్చుకుపోయే నూనె పోసి రోజుల తరబడి వదిలేయాలి. సన్నని సందుల్లోకి ద్రవం తనంతట తాను పాకడాన్ని కేశిక చర్య అంటారు. దీపంలో నూనె వత్తి పైకి ఎక్కేది కూడా దీనివల్లే. తర్వాత చేత్తో ఇంజిన్‌ను కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ కదపాలి. కదిలాక కూడా పాత నూనె తీసేసి, అడుగున పేరుకున్న మడ్డి శుభ్రం చేసి, కొత్త నూనె అన్ని బేరింగులకూ చేరేలా ప్లగ్గులు లేకుండానే కాసేపు తిప్పాలి. స్టార్ట్ చేయడం ఆ తర్వాతి మాట.

కొత్త నూనె ఎంపికలోనూ ఒక మెలిక ఉంది. పాత ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ నేరుగా చదునైన ట్యాపెట్‌లను రాసుకుంటూ తిరుగుతుంది. అక్కడి తీవ్రమైన ఒత్తిడిని తట్టుకునేందుకు నూనెలో జింకు, ఫాస్ఫరస్ ఉన్న సంకలితం లోహంపై రక్షణ పొరగా ఏర్పడుతుంది. ఆ ఫాస్ఫరస్ ఆధునిక కార్ల పొగగొట్టంలోని ఉత్ప్రేరక కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి, కొత్త తరం నూనెల్లో దాన్ని తగ్గించారు. ఖరీదైన సరికొత్త నూనె పాత ఇంజిన్‌కు తప్పక మేలు చేస్తుందనుకోవడం అందుకే పొరపాటు.

పెట్రోలు మారింది, ఇంజిన్ మారలేదు

పాత కారు యజమానుల్ని నేడు ఎక్కువగా కలవరపెడుతున్నది ఇంధనం. గత నూరేళ్లలో పెట్రోలు రెండుసార్లు గణనీయంగా మారింది.

మొదటి మార్పు సీసానిది. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ, టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజిన్‌లో 'నాకింగ్' అనే తట్టుడు శబ్దం ఆగుతుందని కనుగొన్నాడు. 1923 నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. దానివల్ల ఇంజిన్ల సంపీడన నిష్పత్తి పెంచుకుంటూ పోవడం సాధ్యమైంది. సీసం మరో పని కూడా చేసేది. కవాటాలు కూర్చునే పీటల మీద పలుచని పొరగా పేరుకుని, వేడికి లోహాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసేది. అయితే పొగతో బయటికొచ్చిన సీసం నాడీమండల విషం, ముఖ్యంగా పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. భారతదేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో దాన్ని ఆపింది.

ప్రజారోగ్యానికి ఇది పెద్ద విజయం. పాత ఇంజిన్లకు మాత్రం కొత్త ఇబ్బంది. మెత్తటి పోత ఇనుముతో చేసిన కవాటపు పీటలు సీసపు పొర లేక అధిక వేగంలో అరిగి లోపలికి కుంగుతాయి. దీనికి తిరుగులేని పరిష్కారం లేత్ షాపులో దొరుకుతుంది. సిలిండర్ హెడ్‌ను విప్పి, పీటల స్థానంలో గట్టిపరచిన ఉక్కు వలయాలను బిగించడమే. ఇక 1923కు ముందు పుట్టిన కార్లకు ఈ బెడద తక్కువ. అవి అసలు సీసం ఎరగవు. ఫోర్డ్ మోడల్ టి సంపీడన నిష్పత్తి 4 దగ్గరే ఉండేది. అంత తక్కువ ఒత్తిడికి ఇవాళ్టి పెట్రోలు అవసరానికి మించిన నాణ్యమైనది. అంటే ఇంధనం విషయంలో తాతకారు కంటే తండ్రికారే ఎక్కువ సుకుమారం.

రెండో మార్పు ఇథనాల్. దేశంలో పెట్రోలులో సగటున 10 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం 2022 జూన్‌లో నెరవేరింది. 20 శాతం కలిపిన ఇ20 ఇంధనాన్ని 2023 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టారు. చమురు దిగుమతులు తగ్గించడం, చెరకు, ధాన్యం రైతులకు అదనపు మార్కెట్ కల్పించడం దీని ఉద్దేశాలు. ఇథనాల్‌కు ఆక్టేన్ విలువ ఎక్కువ కాబట్టి నాకింగ్ సమస్యకు అది మందే. కానీ పాత కారులో అది మూడు విధాలుగా ఇబ్బంది పెడుతుంది.

మొదటిది గాలి-ఇంధన నిష్పత్తి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ అణువులోనే బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి 9 కిలోల గాలి చాలు. ఇ20కి ఈ సంఖ్య సుమారు 13.5. ఆధునిక కారులో ఆక్సిజన్ సెన్సర్ పొగను పరీక్షిస్తూ ఉంటుంది, కంప్యూటర్ ఇంధనాన్ని సరిచేస్తుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. దాని ఇరుకు గొంతులోంచి గాలి వేగంగా వెళ్లినప్పుడు అక్కడ పీడనం తగ్గి, సన్నని రంధ్రమున్న జెట్ గుండా పెట్రోలు పైకి ఎగజిమ్ముతుంది. జెట్ పరిమాణం ఫ్యాక్టరీలో నిర్ణయించినదే. ఇ20 పోస్తే మిశ్రమం సుమారు 8 శాతం పలుచనవుతుంది. ఇంజిన్ తడబడుతుంది, అతిగా వేడెక్కవచ్చు. కొంచెం పెద్ద జెట్ వేయించడం, కార్బురేటర్ ట్యూనింగ్ మళ్లీ చేయించడం దీనికి విరుగుడు.

రెండోది పదార్థాల సమస్య. పాత కార్లలోని సహజ రబ్బరు గొట్టాలు, కార్కు గ్యాస్కెట్లు, కొన్ని రకాల జిగుళ్లు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, మెత్తబడతాయి లేదా పగులుతాయి. గొట్టంలోంచి కారిన చుక్క వేడి ఇంజిన్ మీద పడితే మంటలు లేవడానికి క్షణం చాలు. పాత కారులో ముందుగా మార్చాల్సింది మెరిసే బంపర్ కాదు, ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరోఎలాస్టోమర్ రకపు ఇంధన గొట్టాలు.

మూడోది నీరు. ఇథనాల్ తేమను ఇష్టంగా పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇనుప ట్యాంకు అక్కడే తుప్పు పడుతుంది. రోజూ నడిచే కారులో ఇంధనం నిలవ ఉండదు కాబట్టి ఇది అరుదు. నెలకోసారి కదిలే కారులోనే ప్రమాదం ఎక్కువ. దీర్ఘకాలం ఆపాల్సి వస్తే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి ఉంచడం ఉత్తమం.

మైలేజీ సంగతి కూడా ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. 10 శాతం మిశ్రమానికి తగినట్టు ట్యూన్ చేసిన పెట్రోలు కార్లు ఇ20తో నడిస్తే ఇంధన సామర్థ్యం 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది.

ఎండాకాలంలో మరో పాత చిక్కు ఎదురవుతుంది. ఇంజిన్‌కు అంటుకుని ఉండే యాంత్రిక పంపు వేడెక్కి, గొట్టంలోనే పెట్రోలు ఆవిరైతే పంపు ద్రవాన్ని లాగలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. రోడ్డు పక్కన బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేయడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇదీ.

ఆరు వోల్టుల లెక్క

1950ల వరకు చాలా కార్లలో విద్యుత్ వ్యవస్థ 6 వోల్టులది. వాటి దీపాలు మసకగా వెలగడానికి కారణం తరచూ బల్బు కాదు. 36 వాట్ల దీపానికి 12 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు చాలు, 6 వోల్టుల వద్ద 6 ఆంపియర్లు కావాలి. తుప్పు పట్టిన ఒక అతుకు దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. 12 వోల్టుల కారులో అక్కడ 0.3 వోల్టు పోతుంది, అంటే 2.5 శాతం. 6 వోల్టుల కారులో 0.6 వోల్టు పోతుంది, అంటే 10 శాతం. నష్టం నిష్పత్తి నాలుగు రెట్లు. అందుకే పాత కారుకు లావు తీగలు, శుభ్రమైన ఎర్తింగు అతుకులు ప్రాణం.

ఇంకో సంగతి గమనించాలి. 1960ల మధ్య వరకు వచ్చిన బ్రిటిష్ నమూనాలు చాలావాటిలో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. ఇప్పుడు వచ్చేవన్నీ రుణ ధ్రువ ఎర్తింగు. ఈ తేడా చూసుకోకుండా కొత్త రేడియోనో ఆల్టర్నేటర్‌నో బిగిస్తే దానిలోని డయోడ్లు క్షణంలో మాడిపోతాయి.

కంటికి కనిపించని ప్రమాదాలు

బ్రేకు నూనె గ్లైకాల్ రకానిది, తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త నూనె కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్. నీరు చేరాక ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు కాగి ఆ నూనె మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. పెడల్ నేలకు తగులుతుంది కానీ బండి ఆగదు. కారు నడిచినా నడవకపోయినా రెండేళ్లకోసారి ఈ నూనె మార్చాలి.

టైర్ల గాడి లోతు చూసి మోసపోకూడదు. వాడకపోయినా గాలిలోని ఓజోన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరు అణు గొలుసులను తెంపుతాయి. పక్కగోడల మీద సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ టైరు ప్రదర్శనకే తప్ప ప్రయాణానికి పనికిరాదు.

బాగుచేసేవారి ఆరోగ్యం అన్నిటికంటే ముఖ్యం. పాత బ్రేకు లైనింగులు, క్లచ్ పలకలు, కొన్ని గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని నారలు ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. బ్రేకు డ్రమ్ము విప్పి గాలి పైపుతో దుమ్ము ఊదడం చాలా షెడ్లలో కనిపించే అలవాటు. అది వెంటనే మానాల్సినది. దుమ్మును తడిపి, గుడ్డతో తుడిచి, మూట కట్టి పారేయాలి. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా రుద్దకుండా నీళ్లతో రుద్దాలి, తగిన మాస్కు పెట్టుకోవాలి. షెడ్డులో పనిచేసే పిల్లలూ, ఇంట్లో ఆడుకునే పిల్లలూ ఈ దుమ్ముకు దూరంగా ఉండాలి.

నడపడమూ ఒక విద్యే

వింటేజ్ కారు డ్రైవింగ్ లైసెన్సు ఉన్న ప్రతివారికీ లొంగదు. ఫోర్డ్ మోడల్ టిలో ఎడమ పెడల్ గేర్లకు, మధ్యది వెనక్కి నడపడానికి, కుడిది బ్రేకుకు. యాక్సిలరేటర్ స్టీరింగ్ కింద చేతి మీటగా ఉంటుంది. అలవాటు కొద్దీ కాలు వేస్తే కారు ఎటు పోతుందో చెప్పలేం.

హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేయడంలోనూ భౌతికశాస్త్రం ఉంది. నిప్పురవ్వ పిస్టన్ పై అంచుకు చేరకముందే పడితే పేలుడు పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. అందుకే ముందుగా మీటతో రవ్వ పడే సమయాన్ని ఆలస్యం చేస్తారు. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ బిగించకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచుతారు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలో వచ్చాకే ఈ బెడద తగ్గడం మొదలైంది.

గేర్లు మార్చడం మరో పాఠం. ఆధునిక గేర్‌బాక్సులో సింక్రోమెష్ అనే ఏర్పాటు రెండు చక్రాల వేగాలను ముందే సమం చేస్తుంది. అది లేని పాత కార్లలో ఆ పని డ్రైవరే చేయాలి. కింది గేరుకు దిగేటప్పుడు క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి గేరు చక్రాల వేగం పెంచి, మళ్లీ క్లచ్ నొక్కి గేరు వేస్తారు. దీన్నే డబుల్ డీక్లచింగ్ అంటారు. వేగాలు కలిస్తే గేరు వెన్నలా పడుతుంది, కలవకపోతే పళ్లు కరకరలాడతాయి. అంబాసిడర్ పాత మోడళ్లలో మొదటి గేరుకు సింక్రో లేకపోవడం ఆనాటి డ్రైవర్లకు బాగా గుర్తు.

బ్రేకుల విషయంలో మాత్రం నైపుణ్యం కంటే దూరమే రక్ష. 1920ల మధ్య వరకు చాలా కార్లకు వెనుక చక్రాలకే బ్రేకులుండేవి. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది, వెనుక చక్రాలకు నేలపై పట్టు తగ్గుతుంది. అంటే బ్రేకు ఉన్న చక్రాలకే పట్టు లేదు. పైగా గతిజ శక్తి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి 60 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి కావలసిన దూరం 30 కిలోమీటర్ల వేగంలో కావలసిన దానికి నాలుగు రెట్లు. అలాంటి కారు ముందు దూరిపోయే ద్విచక్ర వాహనదారులకు ఈ సంగతి తెలియదు. ర్యాలీ కార్లను తెల్లవారుజామున, రద్దీ లేని దారుల్లో నడపడం ఎంతో మేలు.

ఎంత మార్చాలి, ఎంత వదిలేయాలి?

ఈ వ్యాపకంలో ఎప్పటికీ తెగని చర్చ ఇది. రంగు వెలిసి, సీటు తోలు చిరిగిన కారును పూర్తిగా విప్పి కొత్తదానిలా చేయాలా, లేక వయసు గుర్తులను ఉంచేయాలా? ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ దీనికి ఒక దారి చూపుతుంది. చారిత్రక కట్టడాల పరిరక్షణకు 1964లో రూపొందిన వెనిస్ చార్టర్ స్ఫూర్తితో వచ్చిన ఈ పత్రం సారాంశం, వీలైనంత తక్కువ జోక్యం చేసుకోవడం, చేసిన ప్రతి మార్పునూ నమోదు చేయడం.

దీని వెనుక శాస్త్రీయ కారణం ఉంది. అసలు రంగు పొర ఒక పత్రం లాంటిది. 1920లకు ముందు గుర్రపు బండ్లలాగే కార్లకూ వార్నిష్ పొరలు ఒక్కొక్కటిగా పూసి ఆరబెట్టేవారు, వారాలు పట్టేది. 1923లో డ్యుపాంట్ సంస్థ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ ఆధారిత డ్యూకో రంగు గంటల్లో ఆరడంతో కార్ల తయారీ వేగమే మారిపోయింది. ఒక కారు మీద ఏ రంగు ఉందో తెలిస్తే అది ఎప్పుడు, ఎలా తయారైందో, ఎన్నిసార్లు మార్పులకు లోనైందో చెప్పవచ్చు. ఒకసారి గీకేస్తే ఆ సాక్ష్యం మళ్లీ రాదు.

ఇక్కడ ఆధునిక పరికరాలు సాయపడుతున్నాయి. ఎక్స్-రే ఫ్లోరసెన్స్ పరికరం రంగునుగానీ లోహాన్నిగానీ తాకకుండానే అందులోని మూలకాలను గుర్తిస్తుంది. మార్కెట్లో దొరకని భాగాలను త్రీడీ స్కాన్ చేసి, లోహపు పొడిని లేజర్‌తో కరిగించి ముద్రించే పద్ధతిని పోర్షే సంస్థ 2018 నాటికే తన పాత మోడళ్ల విడిభాగాలకు వాడటం మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్ పరిరక్షణ నిపుణులు ఫ్రాన్స్‌లోని మ్యూలూజ్ జాతీయ ఆటోమొబైల్ మ్యూజియంతో, అమెరికాలోని గెట్టీ పరిరక్షణ సంస్థతో కలిసి మరో ప్రయోగం చేశారు. ఇంజిన్ లోపల పగుళ్లు, రాపిడి పుట్టించే అతిసూక్ష్మ ధ్వని తరంగాలను సెన్సర్లతో పట్టుకుని, మ్యూజియంలోని పాత ఇంజిన్‌ను తిప్పడం సురక్షితమా కాదా అని తెలుసుకునే ప్రయత్నం అది. వైద్యుడు స్టెతస్కోపుతో గుండె చప్పుడు విన్నట్టే.

మధ్యలో చిక్కుకున్న కార్లు

పాత కారు కాలుష్యం చేయదా అనే ప్రశ్న న్యాయమైనదే. ఉత్ప్రేరక కన్వర్టర్ లేని కార్బురేటర్ ఇంజిన్ ప్రతి కిలోమీటరుకూ కొత్త కారు కంటే చాలా రెట్లు ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు వదులుతుంది. ఏడాదికి కొద్ది వందల కిలోమీటర్లే నడిచినప్పుడు మొత్తం పరిమాణం చిన్నది. రోజూ ఆఫీసుకు వాడితే పెద్దది. వింటేజ్ వాహనాల రోజువారీ వాడకాన్ని నిబంధనలు అనుమతించకపోవడం ఈ కోణంలో అర్థవంతమైనది.

అసలు చిక్కు ఇంకా 50 ఏళ్లు నిండని కార్లది. మహారాజుల రోల్స్-రాయిస్‌లకు మ్యూజియంలు ఉన్నాయి, సంపన్న సేకర్తలు ఉన్నారు. 1950ల చివర నుంచి 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, దశాబ్దాల పాటు ముంబయి టాక్సీగా తిరిగి 2023 అక్టోబరులో ఆ వీధుల నుంచి సెలవు తీసుకున్న పద్మిని సామాన్యుల చరిత్ర. 1990లో రిజిస్టరైన అంబాసిడర్ వింటేజ్ హోదాకు 2040 దాకా ఆగాలి. ఈలోగా 15 ఏళ్లు దాటిన సొంత కారుగా ప్రతి 5 ఏళ్లకూ సామర్థ్య పరీక్ష నెగ్గి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. విడిభాగాలు దొరకవు, ఇంధనం సరిపడదు, పాత మార్కెట్లో ధర పలకదు. అందుకే ఎక్కువ భాగం తుక్కుకే చేరుతున్నాయి.

కార్లతోపాటు కనుమరుగవుతున్నది మరొకటుంది. కార్బురేటర్ శబ్దం విని మిశ్రమం పలుచనో చిక్కనో చెప్పగల చెవి, పాయింట్ల మధ్య సుమారు 0.4 మిల్లీమీటర్ల సందును కచ్చితంగా అమర్చే చేయి, రేకును సుత్తితో కొట్టి వంపు తెప్పించే పనితనం. కంప్యూటర్‌తో లోపాలు చదివే నేటి సర్వీసు కేంద్రాల్లో ఈ విద్య అవసరం లేదు కాబట్టి కొత్తవారు నేర్చుకోవడం లేదు. పెద్ద మెకానిక్కులు పనిచేస్తున్నప్పుడే వారి పద్ధతులను వీడియో తీసి, కొలతలు రాసి, కారణాలు జోడించి భద్రపరచడం ఏ కళాశాల విద్యార్థులైనా చేపట్టగల పని. పాలిటెక్నిక్, ఐటీఐలలో ఒక పాత ఇంజిన్‌ను విప్పి బిగించే అవకాశం ఉంటే, మూతల కింద దాగిన ఆధునిక ఇంజిన్ నేర్పలేని ఎన్నో ప్రాథమిక సూత్రాలు కంటికి కనిపిస్తాయి. ప్రతి భాగం ఎందుకుందో చూసి తెలుసుకోగల యంత్రాలు ఇప్పుడు మన చుట్టూ చాలా కొద్దిగానే మిగిలాయి.